ఐసీయూ అలారాల మీద థీసిస్: డాక్టరు, మేనేజ్‌మెంట్ ప్రొఫెసరు, ఇంజనీరు ఒకే మాట అనరు

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా. మీరు ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నారు. ఐసీయూ మానిటర్లు రాత్రీ పగలూ మోగుతూనే ఉంటే నర్సులు విసిగిపోయి, చివరికి అసలైన అలారం మోగినా తల తిప్పని పరిస్థితి వస్తుంది. దాన్నే టాపిక్‌గా తీసుకోమని గైడ్ చెప్పారు. చదవడం మొదలుపెడితే ఇంజనీరింగ్ పేపర్లు ఒక దారిలో, మెడికల్ జర్నళ్లు ఇంకో దారిలో, మేనేజ్‌మెంట్ వాళ్లు మరో దారిలో ఉన్నారు. మూడింటినీ కలిపి ఒకే డిజైన్ చేయడం ఎలా అని అడిగారు.

కలపకండి. నా సమాధానంలో సగం ఇదే. రెండు పడవల మీద కాళ్లు పెడితేనే ఏమవుతుందో తెలుసు, మీరు మూడు అంటున్నారు. ఒక శాఖను ఇల్లుగా పెట్టుకుని, మిగతా రెండింటినీ చుట్టాల్లా పిలవండి. ఇల్లంటే, మీ ఫలితం నిలిచిందా లేదా అన్నది చివరికి ఎవరి పద్ధతిలో తేలుతుందో ఆ శాఖ. ‘దొంగ అలారాన్ని మెషీనే గుర్తుపట్టగలదా’ అన్నది మీ ప్రశ్నయితే ఇల్లు ఇంజనీరింగ్. ‘అలారాలు తగ్గిస్తే పేషెంట్లకు మేలు జరుగుతుందా’ అయితే వైద్యం. ‘అదే మానిటరు, అదే సెట్టింగ్, అయినా ఒక వార్డులో పరుగెత్తుతారు, పక్క వార్డులో కదలరు, ఎందుకు’ అయితే మేనేజ్‌మెంట్. వీటికి కావలసిన డేటా వేరు, పట్టే కాలం వేరు, తీసుకోవలసిన అనుమతులు కూడా వేరు. మూడు ప్రశ్నలకూ ఒకే థీసిస్‌లో జవాబు చెబుతానని సినాప్సిస్ రాసినవాళ్లను చాలామందినే చూశాను. నాలుగో ఏడు వచ్చేసరికి ఒక ప్రశ్నకు కుదించుకుని, మిగతా రెంటి కోసం పోగు చేసిన డేటాను ఏం చేయాలో తెలియక కూర్చుంటారు.

నేను మెకానికల్ ఇంజనీరుగా మొదలై, తర్వాత ఆసుపత్రుల్లో క్వాలిటీ పనిలోకి వచ్చాను. ఇరవై ఏళ్లకు పైగా ఈ మూడు రకాల వాళ్ల మధ్యే తిరుగుతున్నాను. మొదట్లో నేను పడ్డ గుంత మాటల దగ్గర. ఒక మీటింగ్‌లో, మేం పరీక్షించిన ఇన్‌ఫ్యూజన్ పంపుల (సెలైన్, మందులు కొలిచి ఎక్కించే మెషీన్లు) ‘రిలయబిలిటీ’ బాగా వచ్చిందని చెప్పాను. నా ఉద్దేశం, ఇన్ని గంటలు చెడిపోకుండా నడిచే సంభావ్యత అని. ఎదురుగా ఉన్న డాక్టరు గారు, ఇద్దరు నర్సులు విడివిడిగా రీడింగ్ తీసుకున్నా ఒకే అంకె వస్తుందని అర్థం చేసుకున్నారు. మేనేజ్‌మెంట్ ప్రొఫెసరు గారు ‘ఆల్ఫా ఎంత?’ అని అడిగారు. ఆయన లోకంలో రిలయబిలిటీ అంటే సర్వేలోని ప్రశ్నలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయా అని చూసే క్రాన్‌బాక్ ఆల్ఫా. ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో నాకు అర్థం కాలేదు, అడగడానికి మొహమాటం. అరగంట సేపు అందరం తలలూపుకున్నాం. నెల తర్వాత డ్రాఫ్ట్ రిపోర్టులో నా అంకె పక్కన ‘పరిశీలకుల మధ్య ఏకీభావం’ అని అచ్చయి వచ్చింది.

మీ టాపిక్‌లో ఇలాంటి మాట ‘సెన్సిటివిటీ’. సెన్సర్ డేటాషీట్‌లో దాని అర్థం, ఇన్‌పుట్ కాస్త మారితే ఔట్‌పుట్ ఎంత మారుతుంది అని. వైద్యంలో అయితే, నిజంగా ప్రమాదంలో ఉన్న నూరుమందిలో ఎంతమందిని పట్టుకుంది అని. మీ థీసిస్‌లో ఈ రెండూ ఒకే పేజీలో పడతాయి. ‘వాలిడేషన్’ కూడా అంతే. మెషీన్ లెర్నింగ్‌లో అది డేటాలో పక్కన పెట్టిన ముక్క, క్లినికల్ వాళ్లకు వేరే ఆసుపత్రిలో, వేరే పేషెంట్ల మీద మళ్లీ చేసి చూడడం. అందుకని ఏ సాఫ్ట్‌వేరూ తెరవకముందు ఒక కాగితం మీద పది పదిహేను మాటలు రాసి, ఒక్కొక్కటి మీ థీసిస్‌లో ఏ అర్థంలో వస్తుందో పక్కన రాసుకోండి. చిన్నపిల్లల పనిలా ఉంటుంది. చేయండి.

ఇప్పుడు ఒక్కో శాఖలో తప్పు ఎక్కడ దాక్కుంటుందో చెబుతాను. నేనైతే పేపరు చేతికి రాగానే ముందు దాని కోసమే వెతుకుతాను.

ఇంజనీరింగ్ పేపర్లలో అది ఎక్కువగా పరీక్షించిన చోట ఉంటుంది. మీరు చదివినవాటిలో ‘మా పద్ధతి 95 శాతం కచ్చితం’ అనేవి బోలెడు ఉండి ఉంటాయి. దాన్ని మంచం పక్కకు తీసుకొచ్చి చూద్దాం. సెన్సిటివిటీ 95 శాతం, స్పెసిఫిసిటీ (ప్రమాదం లేనప్పుడు మోగకుండా ఉండడం) కూడా 95 శాతం అనుకోండి. మానిటరు 10,000 సార్లు పేషెంటు పరిస్థితిని చూస్తే, అందులో నిజంగా ప్రమాదం ఉన్నవి 100. ఆ వందలో 95 పట్టుకుంటుంది, చాలా సంతోషం. మిగిలిన 9,900లో 5 శాతం, అంటే 495 సార్లు ఊరికే మోగుతుంది. మొత్తం 590 మోతల్లో నిజమైనవి 95. నర్సు ఆరుసార్లు లేచి వెళ్తే ఒక్కసారి పని ఉంటుంది, అది కూడా గట్టిగా చూస్తే ఉండదు. పేపర్లో ఈ సంగతి ఎందుకు కనబడదంటే, ల్యాబులో వాడే డేటాసెట్‌లో తరచుగా ప్రమాదకరమైనవీ మామూలువీ సగం సగం పేర్చి ఉంటాయి. అక్కడ అదే అల్గారిథమ్ వందసార్లు మోగితే 95 నిజమవుతాయి. వార్డులో సగం సగం ఎప్పుడూ ఉండదు.

దొంగ మోతలు ఎంత ఎక్కువో చూపిన పని ఒకటి ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ప్రచురించారు. 5 ఐసీయూలు, 77 మంచాలు, 31 రోజులు. శబ్దం లేకుండా తెర మీద మాత్రమే కనబడేవాటితో కలిపి నమోదైన అలారాలు 25,58,760. చెవికి వినబడేవే మంచానికి రోజుకు 187. గుండె లయ తప్పిందని మోగినవాటిలో 12,671 తీసుకుని మనుషులు కూర్చుని ఒక్కొక్కటీ పరిశీలిస్తే 88.8 శాతం తప్పుడువి. ఆ పేపర్లో నాకు బాగా నచ్చేది ఈ చివరి పనే. అల్గారిథమ్ రాయడం కంటే, పన్నెండు వేల అలారాలను కళ్లతో చూసి ఇది నిజం, ఇది కాదు అని తేల్చడం కష్టం. మీ ఇల్లు ఇంజనీరింగే అయినా ఈ శ్రమ తప్పించుకోలేరు. కనీసం ఇద్దరు, ఒకరికి తెలియకుండా ఇంకొకరు చూడాలి. వాళ్లు ఎంతవరకు ఏకీభవించారో కప్పా లెక్కతో చెప్పాలి.

వైద్యం దగ్గరికి వస్తే మన ఇంజనీర్లకు ఒక రోగం ఉంది. యంత్రం ఎలా పనిచేస్తుందో అర్థమైతే ఫలితం కూడా తెలిసిపోయినట్టే అనుకుంటాం. డాక్టర్లు అలా అనుకోరు, ఎందుకంటే ఒకసారి ఘోరంగా దెబ్బ తిన్నారు. గుండెపోటు వచ్చి బతికినవాళ్లలో ఈసీజీలో లయ తప్పిన గుండె స్పందనలు కనిపిస్తే, హఠాత్తుగా చనిపోయే ముప్పు ఎక్కువని గమనించారు. వాటిని అణచే మందులిస్తే చావులు తగ్గాలి కదా? తర్కంలో లోపమేమీ కనబడదు. కాస్ట్ (CAST) అనే ట్రయల్‌లో ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మందులను పరీక్షించారు. ఈసీజీ శుభ్రపడింది. కానీ మందు తీసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మంది. 1989లో ఆ మందుల పరీక్షను మధ్యలోనే ఆపేశారు. మీ థీసిస్‌కు దీని సంబంధం సూటిగా ఉంది. ‘అలారాలు 60 శాతం తగ్గించాను’ అన్నది తెర మీద శుభ్రపడిన ఈసీజీ లాంటిది. తగ్గినవాటిలో అసలైనవి ఎన్ని పోయాయి, వాటివల్ల ఎవరికైనా ఆలస్యం జరిగిందా అన్నదే వైద్యులు అడిగే మొదటి ప్రశ్న, అడగాలి కూడా.

రెండోది పోలిక. ఎవరిని ఎవరితో పోల్చారన్నది చూడకుండా శాతాలు చూస్తే ఎలా మోసపోతామో చెప్పడానికి నేను క్లాసులో ఎప్పుడూ వాడే ఉదాహరణ 1986లో వచ్చిన కిడ్నీ రాళ్ల పేపరు. కోసి తీసే ఆపరేషన్ 350 మందిలో 273 మందికి విజయవంతం, 78 శాతం. చర్మంలోంచి చిన్న రంధ్రం చేసి తీసే పద్ధతి 350లో 289, 83 శాతం. రెండోదే మేలని ఎవరైనా అంటారు. ఇప్పుడు రాయి సైజు ప్రకారం విడగొట్టండి. చిన్న రాళ్లలో ఆపరేషన్ 87కి 81, అంటే 93 శాతం, రంధ్రం పద్ధతి 270కి 234, 87 శాతం. పెద్ద రాళ్లలో ఆపరేషన్ 263కి 192, 73 శాతం, రంధ్రం పద్ధతి 80కి 55, 69 శాతం. రెండు చోట్లా ఆపరేషనే ముందుంది! కష్టమైన పెద్ద రాళ్లు ఎక్కువగా ఆపరేషన్ వైపు వెళ్లడంతో మొత్తం మీద అది వెనకబడినట్టు కనబడింది. మీరు ఒక వార్డులో కొత్త సెట్టింగ్ పెట్టి, పక్క వార్డుతో పోల్చబోతున్నారు. ఏ వార్డుకు ఎలాంటి పేషెంట్లు వస్తారో ముందు కనుక్కోండి.

ఇక మేనేజ్‌మెంట్. మన శాఖ వాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, ‘సర్వేనే కదా, నాలుగు ప్రశ్నలు అడిగితే సరి’ అని. నా అనుభవంలో మూడింటిలో కొలవడం కష్టమైనది ఇదే. మేనేజ్‌మెంట్ పరిశోధకురాలు అమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి బృందాల మీద చేసి 1996లో ప్రచురించిన పని చూడండి. మంచి బృందాల్లో మందుల తప్పులు తక్కువ ఉంటాయనుకుని మొదలుపెట్టారు. డేటా తలకిందులుగా వచ్చింది, నాయకత్వం బాగుందని సభ్యులు చెప్పిన చోటే తప్పులు ఎక్కువ నమోదయ్యాయి. ఆమె తవ్వి చూస్తే తేలిందేమిటంటే, అక్కడ తప్పు జరిగితే భయపడకుండా చెబుతున్నారు. మిగతా చోట్ల దాస్తున్నారు. అంటే ఆ లెక్కలో ‘తప్పుల సంఖ్య’ అన్నది సగం తప్పులను, సగం ధైర్యాన్ని కొలిచింది. మీరు ‘ఎన్ని అలారాలు వదిలేశారు’ అని నర్సులనే అడిగి, దాన్ని ఫలితంగా పెట్టుకుంటే సరిగ్గా ఇదే గోతిలో పడతారు. అన్నిటికంటే నిజాయితీ ఉన్న వార్డు మీ టేబుల్లో అడుగున ఉంటుంది.

ఇంకో చిక్కు, ఒకే నర్సును ఒకే రోజు ఒకే కాగితం మీద ‘పని ఒత్తిడి ఎంత’, ‘అలారాలతో విసుగు ఎంత’ అని రెండూ అడగడం. ఆ రోజు డ్యూటీ చెడిపోయి ఉంటే రెండింటికీ ఎక్కువే రాస్తుంది. మీకు మంచి కోరిలేషన్ వస్తుంది, అందులో సగం ఆవిడ మూడ్. ఒకటి సర్వే నుంచి తీసుకుంటే రెండోది మెషీన్ లాగ్ (మానిటరు తనంతట తానే రాసుకునే రికార్డు) నుంచి తీసుకోండి. ఇక్కడే ఇంజనీరుగా మీ చేతికి ఒక ఆయుధం ఉంది, మేనేజ్‌మెంట్ పరిశోధకుల్లో చాలామందికి ఆ లాగ్ తెరవడం రాదు.

శాంపుల్ సైజు లెక్క కూడా ఇక్కడే తప్పుతుంది. పది వార్డులు, వార్డుకు ఇరవై మంది, మొత్తం 200 మంది నర్సులు అనుకుంటారు. కానీ ఒకే వార్డువాళ్లు ఒకే హెడ్ నర్సు కింద పనిచేస్తూ, ఒకే గదిలో టీ తాగుతూ ఒకలాగే ఆలోచించడం మొదలుపెడతారు. ఆ సారూప్యతను కొలిచే అంకె 0.05 మాత్రమే ఉందనుకున్నా, శాంపుల్‌ను ఎంతతో భాగించాలన్న లెక్క 1 + (20 − 1) × 0.05 = 1.95. మీ 200ను దీంతో భాగిస్తే 103 దగ్గరికి వస్తుంది. 200 మందితో చేశానన్న స్టడీకి 103 మంది బలమే ఉంటుంది. దీని నివారణ వార్డుకు ఇంకో పదిమందిని చేర్చడం కాదు, ఇంకొన్ని వార్డులు చేర్చడం. ఇది ముందు తెలిస్తే మేలు, రివ్యూయరు చెబితే తెలుసుకోవడం చాలా టెన్షన్.

మూడు శాఖలూ నిజంగా కలిసే చోటు ఒకటి చూపించి మీ థీసిస్ దగ్గరికి వస్తాను. ఆపరేషన్ థియేటర్ చెక్‌లిస్ట్. ఆలోచన విమానాల నుంచి వచ్చింది. 1935లో బోయింగ్ మోడల్ 299 పరీక్షలో కూలిపోయింది, నేల మీద ఉన్నప్పుడు విమానాన్ని తిప్పే పలకలు గాలికి కొట్టుకోకుండా బిగించే లాక్‌ను తీయడం మరిచిపోయారు. ఆ తర్వాతే పైలట్ చెక్‌లిస్టులు స్థిరపడ్డాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాల సర్జరీ చెక్‌లిస్ట్‌ను ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. చావులు 1.5 శాతం నుంచి 0.8కి, కాంప్లికేషన్లు 11 నుంచి 7 శాతానికి తగ్గాయి. ప్రపంచమంతా ఎత్తుకుంది. 2014లో కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల డేటా వచ్చింది. చావులు చెక్‌లిస్ట్ పెట్టకముందు 0.71 శాతం, పెట్టాక 0.65. ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి లేదు.

కాగితం ఒకటే, మరి ఫలితం ఎందుకు మారింది? 2009 స్టడీలో అంతకుముందు, ఆ తర్వాత అనే పోలిక తప్ప చెక్‌లిస్ట్ వాడని ఆసుపత్రులు పక్కన లేవు, కాబట్టి కొంత మెరుగుదల వేరే కారణాల వల్ల వచ్చి ఉండొచ్చని వైద్య గణాంకాల వాళ్లు అంటారు. మరణాలు ముందే అంత తక్కువ ఉన్నచోట ఇంకా తగ్గించడం కష్టమని మరికొందరు. నేను థియేటర్లలో నిలబడి చూసింది వేరు. ఒకచోట కత్తి పట్టుకోబోయే ముందు అందరూ చేతులు ఆపి, నర్సు గట్టిగా చదువుతుంటే పేషెంటు పేరు, ఏ వైపు ఆపరేషన్, యాంటీబయాటిక్ ఇచ్చారా అని ఒక్కొక్కరూ బదులు చెప్పేవారు. ఇంకోచోట ఆపరేషన్ అయిపోయాక, కుట్లు వేస్తుండగా, ఒకమ్మాయి మూలన నిలబడి అన్ని గడుల్లోనూ టిక్కులు కొట్టేసింది. రికార్డులో రెండూ ‘చెక్‌లిస్ట్ అమలు: 100 శాతం’. పై మూడు వివరణల్లో ఏది ఎంత అని నేను తూచలేను గానీ, చూసినదాన్ని బట్టి చివరిదానికే ఎక్కువ ఓటు వేస్తాను.

మీ సంగతి. మీరు అడిగిన తీరు చూస్తే మీకు అల్గారిథమ్ రాయడం వచ్చు, పేషెంట్ల మీద ట్రయల్ చేసేంత సమయం గానీ మనుషులు గానీ లేరు. అందుకని ఇల్లు ఇంజనీరింగ్‌లోనే ఉంచండి. మంచం పక్క తేల్చిన నిజం-అబద్ధం లెక్కతో మీ పద్ధతిని పరీక్షించండి. వైద్యం నుంచి ఒక్కటి తెచ్చుకోండి: వదిలేసిన అసలు అలారాలు ఎన్ని అన్నది మొదటి ఫలితంగా, తగ్గిన మోత రెండో ఫలితంగా ముందే రాసిపెట్టండి, తర్వాత మార్చొద్దు. మేనేజ్‌మెంట్ నుంచి ఒక్కటి: మోగిన తర్వాత మనిషి మంచం దగ్గరికి రావడానికి పట్టిన సమయాన్ని వార్డులవారీగా కొలవండి, నర్సుల నోటి లెక్క మీద ఆధారపడకుండా. వార్డులన్నిటికీ ఒకేసారి కొత్త సెట్టింగ్ పెట్టకుండా, చీటీలు తీసి ఏది ముందు ఏది వెనక అని నిర్ణయించి ఒక్కొక్కటిగా మారిస్తే, ప్రతి వార్డూ తనకు తానే పోలికగా పనికొస్తుంది. కానీ సెట్టింగ్ మార్చిన క్షణం అది పేషెంట్ల మీద ప్రయోగం అవుతుంది. ఎథిక్స్ కమిటీ అనుమతి, మొదటి పేషెంటును చేర్చుకోకముందే ట్రయల్ రిజిస్ట్రేషన్, రెండూ కావాలి. 2005 నుంచి ప్రధాన మెడికల్ జర్నళ్లు రిజిస్టర్ కాని ట్రయల్‌ను తీసుకోవడం లేదు, తర్వాత చేయిస్తామంటే కుదరదు. అంత పెట్టుకోలేకపోతే సెట్టింగ్ ముట్టుకోకండి, రికార్డయిన డేటా మీదే మీ అల్గారిథమ్ నడపండి. థీసిస్‌కు అది చాలు. దానికీ కమిటీకి ఒక దరఖాస్తు పెట్టాలి, కాకపోతే త్వరగా తేలుతుంది.

పబ్లికేషన్ గురించి క్లుప్తంగా. ఇంజనీరింగ్‌లో మంచి కాన్ఫరెన్స్ పేపరుకు విలువుంది, వైద్యంలో కాన్ఫరెన్స్ అబ్‌స్ట్రాక్ట్‌ను ఎవరూ పెద్దగా లెక్కపెట్టరు. వైద్యంలో పేపరు రచయితల్లో చివరి పేరు సీనియర్‌ది, వేరే శాఖల్లో ఆ అర్థం ఉండకపోవచ్చు. ఎవరి పేరు ఎక్కడ అన్నది డేటా రాకముందే మాట్లాడుకోండి, వచ్చాక మాట్లాడితే స్నేహాలు చెడతాయి. కో-గైడ్‌గా డాక్టరును పెట్టుకోవాలా అన్నారు, పెట్టుకోండి. ఐసీయూలో రోజూ రౌండ్స్‌కు వచ్చే మనిషిని పెట్టుకోండి, విభాగాధిపతిని కాదు.

చివరిగా ఒక చిన్న పని, వార్డుకు వెళ్లిన మొదటి రోజే చేయండి. మానిటర్ల మీద ఉన్న టైమ్, కంప్యూటర్లో కేస్ షీట్ టైమ్, నర్సుల గది గోడ గడియారం, మూడూ పక్కపక్కన పెట్టి ఫోటో తీయండి. మా ప్రాజెక్టులో ఒక మానిటరు గడియారం నాలుగు నిమిషాలు ముందు ఉంది. నర్సులు అలారం మోగకముందే పేషెంటు దగ్గరికి చేరుకుంటున్నారని మా డేటా చూపించింది. రెండు వారాల పాటు దాన్ని అనుభవజ్ఞుల సహజ జ్ఞానం అని వివరించే పేరా రాసుకుంటూ కూర్చున్నాను. బయోమెడికల్ టెక్నీషియన్ ఒకాయన వచ్చి గడియారం సరిచేశాడు.